ట్రయల్‌ను సాగనంపే పద్ధతి

మీ ఇంట్లో విండోస్ 7 సిస్టమ్ ఒకటి ఇంకా నడుస్తోందనుకుందాం. దాని బాగోగులు చూడటం మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న మానేసింది. మీరు మానలేదు. ఉన్నది 2 జీబీ ర్యామ్. ఆన్ చేసి, కాఫీ కలుపుకొని వచ్చేలోగా డెస్క్‌టాప్ కనిపిస్తే ఆ పూట మంచి పూట. ఏదో పీడీఎఫ్ పని పడి, దొరికిన సాఫ్ట్‌వేర్‌ను దింపుకొని నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ అని చకచకా నొక్కిన పుణ్యానికి 30 రోజుల ట్రయల్ ఒకటి లోపలికొచ్చింది. వెంట ఒక టూల్‌బార్, కొత్త హోమ్‌పేజీ. గడువు ఎప్పుడో తీరిపోయింది. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడైనా ముక్కనుమ దాటాక బట్టలు సర్దుకుంటాడు గానీ ఇది మాత్రం కదలదు. దాన్ని పంపించి, సిస్టమ్‌ను మళ్లీ దారికి తెచ్చుకునే పద్ధతి చెబుతాను, జాగ్రత్తగా పాటించండి.

ముందుగా డెస్క్‌టాప్ మీది బొమ్మను డిలీట్ చేయండి. పోయేది షార్ట్‌కట్ మాత్రమే, ప్రోగ్రామ్ ఎక్కడిదక్కడే ఉంటుంది. అయినా కంటికి కనబడదు కదా, అదో మనశ్శాంతి. కోపం ఇంకా చల్లారకపోతే సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ తెరిచి, దాని ఫోల్డర్‌నే లేపేయండి. దాన్ని పద్ధతిగా తీసేయగలిగిన అన్‌ఇన్‌స్టాలర్ కూడా చాలాసార్లు ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది కాబట్టి, ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో దాని పేరు మాత్రం మిగులుతుంది. నొక్కినా తొలగదు.

ఇంత తెగువ లేనివాళ్లు కంట్రోల్ ప్యానెల్ నుంచే మొదలుపెడతారు. పాపం, వాళ్లకు ఎదురయ్యే కిటికీని కాస్త దగ్గరగా చూడాలి. మధ్యలో అరచేతంత పచ్చ బటన్: ‘ఉంచుకుంటాను, సగం ధరకే ఇవ్వండి’. కింద ఓ మూల, బూడిద రంగు మీద బూడిద రంగులో, చత్వారం వచ్చినవాళ్లకు అందని అక్షరాల్లో: ‘అయినా తీసేయి’. అది నొక్కితే, ఎందుకు వెళ్లమంటున్నారో చెప్పమని ఓ ప్రశ్నాపత్రం. అన్నిటికీ ఓపిగ్గా జవాబులు రాయండి. అవి చదివి ఎవరో బాధపడతారనే నమ్మకం మీకుండాలి.

పంపడానికి మనసొప్పని వాళ్లకు పాతకాలపు చిట్కా ఒకటుంది: సిస్టమ్ తేదీని వెనక్కి తిప్పడం. 2015కు తిప్పేయండి. ట్రయల్ మోసపోవచ్చు, పోకపోవచ్చు. తాను మొదటిసారి ఎప్పుడు తెరుచుకుందో రిజిస్ట్రీలో రాసిపెట్టుకునే ఘటాలు చాలానే ఉన్నాయి. బ్యాంకు సైటు మాత్రం తప్పకుండా పట్టేస్తుంది. దాని సెక్యూరిటీ సర్టిఫికెట్ 2015 నాటికి ఇంకా పుట్టనే లేదు కాబట్టి, మీకు తలుపు తీయదు. కరెంటు బిల్లు కట్టడం వాయిదా వేయడానికి ఇంతకంటే గౌరవమైన కారణం ఉండదు.

తర్వాత రిజిస్ట్రీ క్లీనర్ వేసుకోండి. అది కూడా ట్రయలే. వచ్చీరాగానే వందల కొద్దీ తప్పులున్నాయని ఎర్రటి గీతలతో చూపిస్తుంది, డబ్బు కడితేనే దిద్దుతానంటుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్టే చెప్పింది గానీ, ఎర్ర రంగు చూశాక ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది!

బ్రౌజర్ సంగతి. సెట్టింగ్స్‌లో హోమ్‌పేజీ మారుస్తారు, తెరిస్తే మళ్లీ అదే దిక్కుమాలిన సెర్చ్ పేజీ. బ్రౌజర్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడిని చివరిదాకా జరిపి చూస్తే, కొటేషన్ గుర్తు దాటాక ఆ సైటు చిరునామా ముడుచుకొని కూర్చుని ఉండొచ్చు. తుడిచేస్తే అయిపోతుంది. కానీ అంత తేలిగ్గా అయిపోతే మనకు తృప్తేముంటుంది? రోజూ హోమ్‌పేజీ మారుస్తూనే ఉండండి.

ఇక బ్రహ్మాస్త్రం, సిస్టమ్ రిస్టోర్. ఇది 2000లో విండోస్ ఎంఈ (మిలీనియం ఎడిషన్)తో వచ్చింది. మీ ఫొటోలనూ ఉత్తరాలనూ ముట్టుకోకుండా సిస్టమ్ ఫైళ్లనూ రిజిస్ట్రీనీ పాత తేదీకి తీసుకెళ్తుంది. ఏ తేదీ ఎంచుకోవాలన్నదే కిటుకు. ట్రయల్ దిగకముందుది ఎంచుకుంటే పని జరుగుతుంది, కాకపోతే ఆ తర్వాత వేసుకున్న ప్రింటర్ డ్రైవర్ కూడా దాంతోనే పోతుంది. మీరు మాత్రం నిన్నటి తేదీనే ఎంచుకోండి. పొద్దున చెమటోడ్చి తీసేసిన ట్రయల్, టూల్‌బార్‌తో సహా, క్షేమంగా తిరిగొస్తుంది. ఇంకా పాత తేదీలు కావాలంటారా? డిస్కులో దానికిచ్చిన చోటు నిండినప్పుడల్లా విండోస్ పాతవాటిని చెరిపేస్తూ వచ్చింది.

అప్పుడు పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాణ్ని పిలవండి. వాడు మౌస్ కూడా ముట్టుకోడు. “ఫార్మాట్ కొట్టేద్దాం అంకుల్” అంటాడు. “డీ డ్రైవ్‌లో ఏమైనా ఉన్నాయా?” అని అడిగినప్పుడు “ఏం లేవు బాబూ” అని చెప్పండి, అమ్మాయి పెళ్లి ఫొటోలు అక్కడే ఉన్నాయని రాత్రికి గుర్తొస్తుంది. “విండోస్ కీ ఉందా?” అనీ అడుగుతాడు. ఎందుకు లేదు, క్యాబినెట్ పక్కన స్టిక్కర్ మీద ఉంది, 25 అక్షరాలు, ఐదేసి చొప్పున ఐదు గుంపులు. దసరాకు ఆయుధ పూజ చేసినప్పుడు మీ ఆవిడ ఏటా భక్తిగా కుంకుమ బొట్టు పెట్టింది సరిగ్గా మూడో గుంపు మీదే. తడిగుడ్డతో తుడవండి. కుంకుమతో పాటు అక్షరాలూ వస్తాయి. మిగిలింది బీనో, ఎనిమిదో తేల్చుకోవడానికి మీ ఇద్దరికీ ఆదివారమంతా ఉంది.