ఇల్లు సద్దుమణిగేదాకా పుస్తకం ముట్టకండి

శ్రీనగర్ కాలనీలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, అందులో ఆరుగురు మనుషులు, ఆ ఆరుగురిలో ఒకరు పోటీ పరీక్షకు చదువుతున్నారు. ఇలాంటి ఇంట్లో ముందు తేల్చుకోవాల్సింది సిలబస్ సంగతి కాదు, గోల సంగతి. ఇల్లంతా చీమ చిటుక్కుమనకుండా అయ్యేదాకా పుస్తకం తెరవడం చదువుల తల్లికే అవమానం. ఈ ఒక్క నియమం గట్టిగా పట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ప్రిపరేషన్‌లోనే ఉన్నారు. వాళ్లను అక్కణ్నుంచి కదిలించినవాడు లేడు.

మొదటి వారం గోల జాబితాకు కేటాయించండి. మంచి నోట్‌బుక్కు కొని స్కేలుతో గళ్లు గీయండి. తెల్లారుతూనే బోరు మోటారు, దాని వెనకే చెత్త ఆటో పాట, ఆ తర్వాత చట్నీ మిక్సీ. తొమ్మిది దాటితే సందులో మైకు కట్టిన ట్రాలీ ఆటో, పాత ఇనుము కొంటామని. పక్క ప్లాటులో ఎలాగూ పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతుంటారు. మన ఊరు కూర్చున్నదే గ్రానైటు మీద కాబట్టి సెల్లారు తవ్వకమంటే రాయి కొట్టడమే, నెలలు పడుతుంది. దానికి ఒక పేజీ విడిగా ఉంచండి.

కుక్కరు దగ్గర మాత్రం కాస్త శ్రద్ధ అవసరం. "మూడు విజిల్స్ రాగానే కట్టేయ్, నేనిప్పుడే వస్తా" అని అమ్మ పక్కింటికి వెళ్తుంది కదా, ఆ పని సంతోషంగా ఒప్పుకోండి. రెండో విజిలుకూ మూడో విజిలుకూ మధ్య ఒక పేరా చదివి అర్థం చేసుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. కళ్లు అక్షరాల మీదుంటాయి, చెవులు వంటింట్లో ఉంటాయి. వచ్చింది మూడోదా, నాలుగోదా అని అనుమానం వచ్చిందంటే ఇంకా మేలు. పప్పు మాడితే ఆ సాయంత్రం చదువుకు బదులు దాని మీద చర్చ జరుగుతుంది.

శాస్త్రీయంగా కూడా నడుచుకోవాలి కాబట్టి ఈ సంగతి చెప్పాలి. 1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు, అక్షరాల వరస గుర్తుపెట్టుకునే పని ఒకటి ఇచ్చి, ఆ పని జరుగుతుండగా జర్మన్ మాటలు వినిపించారు. విన్నవాళ్లకు ఆ భాష రాదు. అయినా తప్పులు పెరిగాయి. తర్వాత వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, బుర్రను లాగేది మోతకన్నా మాట. అది గట్టిగా వినబడిందా, మెల్లగానా అన్నదానితో పెద్ద తేడా ఉండదు. ఒకే తీరున సాగే ఫ్యాను రొద అంతగా అడ్డు రాదు. అందుకని ఇంట్లో మొట్టమొదట ఆపాల్సింది ఆ టేబుల్ ఫ్యానును. ఎండాకాలమైతే కూలరును కూడా. ఇక హాల్లో సీరియల్ వస్తుంటే "కొంచెం సౌండ్ తగ్గించండి" అనండి చాలు, కట్టేయమనకండి. సౌండు తగ్గిస్తే కోడలు ఏమందో వినడానికి చెవులు మరింత రిక్కించాల్సి వస్తుంది.

ఇంటి నుంచే పని చేసే అన్నయ్య ఉంటే అదృష్టవంతులు. ఆయన హెడ్‌ఫోన్సు పెట్టుకుని మాట్లాడతాడు, అంటే మనకు వినబడేది సగం సంభాషణే. "ఊఁ... కాదు కాదు... నిన్నే పంపించా... ఏంటీ, అది కూడానా?" అవతలివాడు ఏమన్నాడో తెలియదు. 2010లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు తేల్చినదాని ప్రకారం ఇద్దరి మాటలూ వినబడేకన్నా ఒకవైపే వినబడితే ధ్యాస ఎక్కువ చెదురుతుంది, లేని సగాన్ని పూరించుకోవడానికి బుర్ర తంటాలు పడుతుంది కాబట్టి. మీ కుర్చీ ఆయన తలుపు పక్కనే వేసుకోండి. నానమ్మ ఫోన్లు ఇందుకు పనికిరావు. ఆవిడ స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది, రెండువైపులా స్పష్టంగా వినబడతాయి, కాసేపటికి అలవాటైపోతాయి కూడా.

గోల మీద చట్టపరంగా కూడా పోరాడవచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. ఇవన్నీ బట్టీ పట్టండి. ఫోనులో డెసిబెల్స్ కొలిచే యాప్ వేసుకుని, మిక్సీ తిరుగుతుండగా వంటింట్లో నిలబడి అమ్మకు చదివి వినిపించండి. ఆవిడ గరిటె ఎత్తితే ఆ చప్పుడు కూడా కొలవండి. అసలు పాఠంలో ఒక్క ముక్క రాకపోయినా ఈ అంకెలు మాత్రం జన్మలో మర్చిపోరు.

కొందరు ఇంట్లోవాళ్లను బయటికి పంపే మార్గం చూస్తారు. అదీ మంచిదే. మన మెయిన్ రోడ్డు మీద సత్యసాయి నిగమాగమంలో చీరల ఎగ్జిబిషన్ పెట్టినప్పుడల్లా అమ్మనూ పెద్దమ్మనూ దగ్గరుండి పంపండి. రెండు గంటలు ఇల్లు మీదే. తిరిగొచ్చాక కవర్లు విప్పుతారు. "ఇది ఎంతుంటుందో చెప్పు" అంటారు. మీరు తక్కువ చెబితే వాళ్లకు కోపం, ఎక్కువ చెబితే సంతోషం, ఏదైనా కూర్చుని మాట్లాడాల్సిందే. పై ఫ్లాటు ఆంటీ కూడా దిగొస్తుంది. పోచంపల్లి ఏది, గద్వాల ఏది అని తేల్చేసరికి తొమ్మిదవుతుంది. ముప్పై గుడ్లు పట్టే అట్టలు తెచ్చి గది గోడలకు అంటించే పద్ధతి ఇంకొకటుంది. చప్పుడు ఒక్క పిసరు ఆగదు, కానీ ఒక ఆదివారం శుభ్రంగా గడుస్తుంది.

"లైబ్రరీకి పోరాదా" అని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కడా తక్కువ కాదు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి చిక్కడపల్లిలో దిగితే సిటీ సెంట్రల్ లైబ్రరీ. వెళ్లండి, తప్పు లేదు, అయితే లోపలికి కాదు. లోపల జనం నిజంగానే చదువుతుంటారు, చూస్తే దిగులు పుడుతుంది. బయట టీ కొట్టు దగ్గర నిలబడి నోటిఫికేషన్ల చర్చలో చేరండి. 2022 అక్టోబరు 16న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకుతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెడితే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్ 9న మూడోసారి పెట్టారు. ఒకే పరీక్షకు మూడుసార్లు కూర్చున్నవాళ్ల బాధ చిన్నది కాదు, ఆ కొట్టు దగ్గర దాని గురించి హాస్యమాడేవాడూ లేడు. మీరు మాత్రం అందులోంచి మీకు కావలసిన నీతి ఏరుకోండి: ఎలాగూ రద్దవుతుంది, తొందరేముంది?

ఖర్మ కాలి చదవాల్సే వస్తే, చదివిందే చదవండి. చేతిలో పసుప్పచ్చ హైలైటరు ఉండాలి, పేజీ పసుపు కుంకుమల పళ్లెంలా కళకళలాడాలి. పుస్తకం మూసి, చదివింది గుర్తు తెచ్చుకుని తెల్ల కాగితం మీద రాసే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి. రోడిగర్, కార్పికీ అనేవాళ్లు 2006లో ఆ పని చేయించి చూశారు. నాలుగుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత గుర్తున్నది 40 శాతం. ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. పైగా అలా రాసుకోవడానికి నిశ్శబ్దం కూడా పెద్దగా అక్కర్లేదు, కుక్కరు విజిళ్ల మధ్య కూడా అయిపోతుంది. ఇంత ప్రమాదకరమైన పద్ధతిని ఇంట్లోకి రానివ్వకూడదు.

ఇంకో ప్రమాదం ఉంది. "అమ్మా, రోజూ ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా టీవీ వద్దు, నన్నెవరూ పిలవొద్దు" అని పొరపాటున కూడా అడగకండి. ఈ కాలనీలో తల్లిదండ్రులను నమ్మడానికి లేదు, నిజంగానే కట్టేస్తారు. నాన్న వార్తలు ఫోనులో చదువుకుంటాడు. నానమ్మ ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతుంది. అన్నయ్య కూడా మీటింగు ఉందంటూ కిందకి దిగి కారులో కూర్చుంటాడు. అప్పుడు ఆ గంటన్నరా మీ ఎదురుగా పుస్తకం తప్ప ఇంకేమీ ఉండదు.

పెళ్లికో, గృహప్రవేశానికో అందరూ కలిసి ఊరెళ్లిపోయినా ఇదే గండం. భయపడకండి. మొదటి రోజు బల్ల సర్దండి. రెండో రోజు టైంటేబుల్‌ను రంగులు మార్చి రాయండి. మూడో రోజు ఫోనులో ఏకాగ్రత మీద వీడియోలు చూడండి, అవి ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసి "ఎంతవరకు వచ్చిందిరా చదువు?" అంటే పక్క ప్లాటులో స్లాబు వేస్తున్నారని చెప్పండి. నమ్ముతుంది.