తండ్రి ఏ సెక్షన్‌లో వస్తాడు, మంత్రిగారూ?

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రివర్యుల సముఖానికి,

అయ్యా,

29 పాత కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా కుదించి 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చినందుకు ముందుగా అభినందనలు. వాటిలో సామాజిక భద్రత కోడ్, 67వ సెక్షన్ చదివే భాగ్యం కలిగింది. యాభై మంది పనిచేసే సంస్థలో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. మంచిది. అక్కడున్న బిడ్డను చూసి రావడానికి రోజుకు నాలుగుసార్లు వెళ్లనివ్వాలన్నారు. మరీ మంచిది. ఆ నాలుగుసార్లూ తల్లికేనట. తండ్రి కూడా అదే సంస్థలో, అదే అంతస్తులో పనిచేస్తున్నా, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోందని ఫోనొస్తే అతను లేచి వెళ్లడానికి చట్టంలో దారి లేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన నిబంధన ఇది. మూడేళ్ల తర్వాత పార్లమెంటు ఆమోదించిన కోడ్‌లోకి అలాగే దించారు. అమలుకు ఇంకో అయిదేళ్లు పట్టింది, ఆ అయిదేళ్లలోనూ ఎవరికీ తట్టలేదు. ఇన్ని ముసాయిదాలు రాశారు, ఇన్ని సంప్రదింపులు జరిపారు, రాసినవాళ్లలో ఒక్కరి ఇంట్లోనైనా చంటిపిల్లలు లేరా అండీ?

మర్యాద కాసేపు పక్కన పెడతాను. చట్టం దృష్టిలో బిడ్డ సంగతి పురుడుతో సరి. అసలు పని నడక వచ్చాక మొదలవుతుందని ప్రతి ఇంటికీ తెలుసు. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు, దగ్గు రావడం మామూలేనని పిల్లల డాక్టర్లు చెబుతారు. క్రెష్‌కో ప్లేస్కూల్‌కో వెళ్లే పిల్లలకు ఇంకా ఎక్కువ. ఒక్కోసారి రెండు మూడు రోజులు ఇంట్లో ఉంచాలి. దానికి విరేచనాలు కలపండి, టీకా వేయించిన మర్నాటి జ్వరం కలపండి. జ్వరమున్న బిడ్డను ఏ క్రెష్ రానివ్వదు, పక్కపిల్లలకు అంటుకుంటుందని. అది న్యాయమే. అంటే తమరు చేసిన ఏర్పాటు బిడ్డ బాగున్న రోజుకే. బాగాలేని రోజుకు ఏమీ లేదు. మన తెలుగు రాష్ట్రాల్లో దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కింద జబ్బుకూ ఇతర అవసరాలకూ కలిపి ఉద్యోగికి ఏడాదికి దొరికేవి 12 రోజులు. ఒక్క జలుబుల లెక్కకే అవి చాలవు. ఆర్జిత సెలవు వేరే ఉంది గదా అంటారు. జ్వరం ముందుగా దరఖాస్తు పెట్టుకుని రాదు.

ఆ పొద్దుట ఎలా ఉంటుందో ఫైళ్లలో కనిపించదు కాబట్టి చెప్పక తప్పదు. థర్మామీటర్‌లో 102. సిరప్పు సిరంజితో బుగ్గ పక్క నుంచి పోయాలి, నోరు తెరిపించి నేరుగా పోస్తే పొలమారుతుంది. సగం చొక్కా మీదికే వస్తుంది. లోపలికి ఎంత పోయింది, కక్కింది ఎంత, మళ్లీ పోయాలా వద్దా, ఎవరూ తేల్చలేరు. ఈలోగా మోటారు నీళ్లెక్కించదు, పనిమనిషి రానని కబురు పంపుతుంది, గ్యాస్ బండ అయిపోతుంది (ఇవన్నీ జ్వరం రోజే ఎందుకవుతాయో పరిశోధించే కమిటీ వేస్తే సభ్యత్వానికి లక్షల దరఖాస్తులు వస్తాయి). ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులే. ఎవరు ఆగాలి? ఆగేది తల్లే. ఆమె 26 వారాల ప్రసూతి సెలవు ఏనాడో అయిపోయింది, ఇప్పుడు ఆమెకూ ప్రత్యేకంగా సెలవేమీ లేదు. అయినా ఆగేది ఆమే. ఎందుకంటే పిల్లాడికి బాగాలేదని తల్లి చెబితే మేనేజరు మొహం చిట్లించి ఊరుకుంటాడు, తండ్రి చెబితే ‘ఇంట్లో ఆవిడ లేరా?’ అంటాడు. సర్కారు జరిపిన 2024 కాల వినియోగ సర్వేలో, 15 నుంచి 59 ఏళ్ల వయసు ఆడవాళ్లలో 41 శాతం ఇంట్లోవాళ్ల సంరక్షణ చూస్తుంటే మగవాళ్లలో 21.4 శాతమే చూస్తున్నారు. చూసేవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74. మగవాడి బద్ధకం ఇందులో లేదని నేను అనను, బోలెడంత ఉంది. ఆ బద్ధకానికి చట్టం కూడా కుర్చీ వేసి కూర్చోబెడుతోందన్నదే నా ఫిర్యాదు.

సెలవు లేని తండ్రి ఏం చేస్తాడో తమరికి తెలియనిది కాదు. అబద్ధమాడతాడు. పిల్లకు జ్వరమైతే తనకే జ్వరమంటాడు, పిల్లకు విరేచనాలైతే తనకే కడుపు బాగాలేదంటాడు. అలా తన జబ్బు సెలవులన్నీ పిల్ల జబ్బులకు ఖర్చయ్యాక, నిద్రలేని రాత్రుల పుణ్యమా అని అతనికి నిజంగానే బీపీ పెరిగితేనో, బిడ్డను చంకనెత్తుకుని తిరిగి నడుం పట్టేస్తేనో వాడుకోవడానికి ఒక్క రోజు మిగలదు. ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది, నిజమే. ఆ జబ్బు అతనిదై ఉండాలి. రెండేళ్ల బిడ్డకు జబ్బు చేస్తే పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండి తీరాలన్న సంగతి ఆ నిబంధనకు పట్టదు.

ఇంటి నుంచి పని చేసుకోవచ్చు గదా అనేవాళ్లున్నారు. వాళ్లు ఏడాదిన్నర పిల్లతో ఒక్క పూట గడిపి ఉండరు. అడుగు నీళ్లున్న బకెట్ ఆ వయసు పిల్లలకు ప్రాణాంతకం. తలకిందులుగా పడితే లేవలేరు, అరవలేరు. నీళ్లు కాగడానికి బకెట్‌లో పెట్టిన హీటర్ రాడ్డు, గట్టు అంచున వేలాడే మిక్సీ తీగ, వేడి చారు గిన్నె కింద పరిచిన గుడ్డ, రిమోట్‌లోంచి ఊడిన గుండీ బ్యాటరీ, అన్నీ ఆ ఎత్తుకే అందుతాయి. మ్యూట్ తీసి రెండు ముక్కలు మాట్లాడినంతసేపు చాలు. పనిచేస్తూ పిల్లను చూసుకోవడమంటే రెంటిలో ఒకటి చెయ్యకపోవడమే. ఐటీవాళ్లకైనా ఈ సలహా ఇవ్వొచ్చు గానీ, ప్రెస్సులో, షోరూములో, వర్క్‌షాపులో పనిచేసేవాడు ఏ ఇంటి నుంచి చేస్తాడు?

అమ్మమ్మలు, నానమ్మలు లేరా అని ఇంకో ప్రశ్న. ఉన్నారు. తొలి కాన్పు పుట్టింట్లో అనే ఆనవాయితీ కూడా ఉంది. రెండో కాన్పుకు వచ్చేసరికి పెద్దదానికి రెండేళ్లుంటాయి, అమ్మమ్మకు మోకాళ్లు పట్టేసి ఉంటాయి, లేదా ఆమే ఏదో ఉద్యోగం చేస్తూ ఉంటుంది. పైగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద చూస్తే 21.5. కుట్లు మానేదాకా, కొన్ని వారాలపాటు, బరువులెత్తొద్దని చెప్పి పంపుతారు. ఎత్తుకోమని చేతులు చాచే రెండేళ్ల పిల్ల కూడా బరువే. ఆ పిల్లను ఎవరెత్తుకోవాలి? అటు మా ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని ఎక్కువమందిని కనమంటున్నారు. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను 2024లో ఎత్తేశారు కూడా. కనమని చెప్పేవాళ్లు పెంచే రోజుల లెక్క కూడా చూడాలి.

సర్కారు ఉద్యోగి అయితే పితృత్వ సెలవు 15 రోజులుంది, కేంద్రంలోనూ, మన రాష్ట్రాల్లోనూ. అదీ ఇద్దరు పిల్లల దాకానే. కేంద్రంలో పిల్లల సంరక్షణ సెలవు వేరే ఉంది, సర్వీసు మొత్తానికి 730 రోజులు. మహిళా ఉద్యోగులకు ఉన్న దాన్ని మగవాళ్లకూ 2018లో వర్తింపజేశారు. ఏ మగవాళ్లకు? పెళ్లికానివాళ్లకు, భార్య పోయినవాళ్లకు, విడాకులైనవాళ్లకు. ఇంట్లో భార్య బతికి ఉండగా బిడ్డ గురించి తండ్రి బెంగపడనక్కర్లేదన్నమాట! అదీ సాధారణంగా ఒక్కసారికి అయిదు రోజులకు తగ్గితే ఇవ్వరు. మూడు రోజుల జ్వరాన్ని అయిదుకు సాగదీసే మందు ఏదైనా ఉంటే చెప్పండి. ఇక ప్రైవేటు ఉద్యోగికి చట్టప్రకారం ఒక్క రోజు కూడా లేదు, యజమాని దయ. 2017లో ఎంపీ రాజీవ్ సాతవ్ లోక్‌సభలో పితృత్వ ప్రయోజనాల బిల్లు పెట్టారు. 15 రోజులు, అవసరమైతే మూడు నెలల దాకా అన్నారు. అది గట్టెక్కలేదు. 2021లో ఆయనే పోయారు. ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో విరాట్ కోహ్లీ బిడ్డ కోసం ఇంటికొస్తే దేశమంతా నెలరోజులు వాదించుకుంది, ఆ వాదన కోడ్‌లో ఒక్క వాక్యంగానైనా మారలేదు.

సెలవిస్తే మగవాళ్లు క్రికెట్ చూస్తూ కూర్చుంటారన్న మాట ఉంది చూశారూ, దానికి మాత్రం నిజాయితీగా జవాబు చెప్పాలి. కొందరు కూర్చుంటారు. నార్వేలో తల్లిదండ్రులు పంచుకునే సెలవు ఉన్నప్పుడు నూటికి నలుగురు తండ్రులు కూడా వాడుకోలేదు. 1993లో నాలుగు వారాలు తండ్రికే అని కేటాయించి, వాడకపోతే పోతుందన్నారు. కొన్నేళ్లలోనే అత్యధికులు వాడుకున్నారు. జపాన్‌లో చట్టం ఉదారంగానే ఉన్నా ఆఫీసులో నవ్వుతారని చాలాకాలం ఎవరూ ముట్టుకోలేదు, 2015లో నూటికి ముగ్గురు కూడా లేరు, 2023కి 30 శాతం దాటారు. మగవాడు మారాక చట్టం చేద్దామంటే అది జరిగే పని కాదు. స్వీడన్‌లో అయితే పురుటి సెలవు కాక, బిడ్డకు బాగాలేని రోజుల కోసమే ఒక్కో బిడ్డకు ఏడాదికి 120 రోజుల దాకా తల్లిగానీ తండ్రిగానీ వాడుకోవచ్చు, జీతంలో పెద్ద భాగం బీమా నిధి ఇస్తుంది. మనం అంత అడగడం లేదు.

ఖర్చు? ఈఎస్ఐ లేనిచోట ప్రసూతి సెలవు జీతభారం యజమాని మీదే వేసి, ఆడపిల్లకు ఉద్యోగమివ్వాలంటే యజమాని వెనకాడే పరిస్థితి తెచ్చింది మన ప్రసూతి చట్టమే. పిల్లల కోసం మగవాడూ ఆగుతాడని తెలిస్తే ఆ లెక్క కొంతైనా సర్దుకుంటుంది. నెలకు 21 వేల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ ఉండనే ఉంది. యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడుతున్నారు. ప్రసూతి వేతనం ఇచ్చే ఆ నిధి నుంచే తండ్రి సెలవు రోజులకూ ఇవ్వొచ్చు. మరి ఆటో తోలేవాడు, తాపీమేస్త్రి, ఇంటింటికీ అన్నం పొట్లాలు చేరవేసే కుర్రాడు? వాళ్ల మాట తేవడం ఈ సెలవును ఆపడానికైతే నేను ఒప్పుకోను, వాళ్లకూ ఇవ్వడానికైతే దారులున్నాయి. భవన నిర్మాణం మీద వసూలు చేసే ఒక్క శాతం సెస్సు ఉంది. గిగ్ కార్మికుల కోసం కంపెనీల టర్నోవరులో ఒకటి రెండు శాతం తీసుకోవచ్చని తమ కోడే చెబుతోంది.

కాబట్టి తమరిని వేడుకునేదేమంటే, పురుడప్పుడు 15 రోజులు ప్రైవేటువాళ్లకూ ఇవ్వండి. అంతకన్నా ముఖ్యంగా, బిడ్డకు అయిదేళ్లు నిండేదాకా ఏడాదికి పది రోజులు, విడివిడిగా, కావాలంటే పూటల లెక్కన, తల్లికి వేరుగా తండ్రికి వేరుగా ఇవ్వండి. తండ్రి వాడకపోతే తల్లికి బదిలీ చేసే వీలు మాత్రం పెట్టకండి, పెడితే అన్నీ ఆవిడకే పోతాయి. ఇంకొక్క చిన్న మాట. ఆ సెలవుకు డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి అని ఏ అధికారో తప్పకుండా నోట్‌ఫైల్‌లో రాస్తాడు. దయచేసి కొట్టెయ్యండి. జలుబుకు సర్టిఫికెట్ కావాలంటే, ఇంట్లో పడుకోవాల్సిన బిడ్డను భుజాన వేసుకుని, టోకెన్ తీసుకుని, దగ్గే పిల్లల మధ్య రెండు గంటలు కూర్చోవాలి. దాంతో ఇంకో సెలవు అవసరం పడుతుంది.

ఇట్లు,
చంటిపిల్లల తండ్రుల తరఫున
ఒక విధేయుడు