ఎడ్లపాడు ఆశావహుడు

ఎన్నికలు ఎప్పుడో ఎన్నికల సంఘం చెప్పేదాకా మనకు తెలియదు గానీ, ఎడ్లపాడు ఆశావహుడి చొక్కా చూస్తే తెలిసిపోతుంది. గంజి ఎక్కువైందంటే నోటిఫికేషన్ దగ్గరపడ్డట్టే. పొద్దున్నే హైవే పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి, ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా టీ చెబుతాడు. ఏ పార్టీ అని అడక్కండి. ప్రతి పార్టీలోనూ ఒకడున్నాడు.

ఒకడేమిటి, కొండవీడు ఈ మండలంలోనే ఉంది కాబట్టి, ఆశావహుల జాబితా కొండవీటి చాంతాడంత ఉండటంలో వింతేం లేదు. అందరిదీ ఒకటే దారి: ఎంపీటీసీ, తర్వాత జడ్పీటీసీ, ఆపైన చిలకలూరిపేట అసెంబ్లీ. సర్పంచి పదవంటే మాత్రం మనవాడికి చిన్నచూపు. దానికి పార్టీ గుర్తుండదు. ఊరివాళ్లు మనిషిని చూసి ఓటేస్తే తప్ప గెలవలేం. అదే ఎంపీటీసీకైతే బీ ఫారం ఉంటుంది.

ఆ బీ ఫారం రావాలంటే కులం లెక్క, డబ్బు లెక్క, సర్వే లెక్క మూడూ కుదరాలి. సగం సీట్లు ఆడవాళ్లవి కాబట్టి నాలుగో లెక్క కూడా ఉంది. సీటు మహిళకు పడితే ఫ్లెక్సీ మీదికి భార్య ఫొటో ఎక్కుతుంది. ఇల్లిల్లూ తిరిగి దండం పెట్టేది మాత్రం ఈయనే.

2024 ఎన్నికల ముందు తెలుగుదేశం ఐవీఆర్ఎస్ ఫోన్లతో అభ్యర్థుల మీద అభిప్రాయం అడిగింది కదా! తన పేరు మీదా అట్లాంటి ఫోను వస్తుందని మనవాడు చుట్టాలకి తర్ఫీదిచ్చాడు: "నా పేరు వినపడగానే ఒకటి నొక్కండి." రిహార్సల్లో వాళ్లమ్మ 'ఎవరూ వద్దు' నొక్కింది. అదేందమ్మా అంటే, "సీటు రాకపోతే ఇంటిపట్టునన్నా ఉంటావని" అంది.

అదే ఎన్నికల్లో వైసీపీ అప్పటి చిలకలూరిపేట ఎమ్మెల్యే విడదల రజినిని గుంటూరు పశ్చిమకు పంపింది. ఇక్కడ ఇంచార్జిగా మల్లెల రాజేష్ నాయుడిని పెట్టి, చివరికి అప్పటి గుంటూరు మేయర్ కావటి మనోహర్ నాయుడిని నిలబెట్టింది. నరసరావుపేట ఎంపీ సీటుకు నెల్లూరు నుంచి అనిల్ కుమార్ యాదవ్ వచ్చారు. 2019లో ఫ్యాను మీద గెలిచిన లావు శ్రీకృష్ణదేవరాయలు సైకిలెక్కి మళ్లీ గెలిచారు. ఓటర్లు ఇదంతా టీవీలో చూశారు. మనవాడు మాత్రం ఫ్లెక్సీలో ఇంచార్జి ఉండాల్సిన చోట గుండ్రంగా ఖాళీ వదిలించాడు, తల ఎప్పుడంటే అప్పుడు అతికించుకోవచ్చని.

"అబ్బాయ్, మా బజార్లో మురుగు కాలవ పొంగుతోంది" అంటుంది పెద్దమ్మ.

"ఇంచార్జి గారి దృష్టికి తీసుకెళ్తా పెద్దమ్మా."

గెలిస్తే ఎంపీపీ దృష్టికి, ఆ తర్వాత ఎమ్మెల్యే దృష్టికి. దృష్టి పైపైకి పోతుంటుంది, మురుగు పెద్దమ్మ గడపలోకి వస్తుంటుంది. అదే పార్టీ పరిశీలకుడు వస్తే చూడాలి! ఏ బూత్‌లో ఏ కులం ఓట్లెన్నో కాగితం చూడకుండా అప్పజెబుతాడు.

తప్పంతా మనవాడిదే అనలేం. ఊరిని అడిగి అభ్యర్థిని పెట్టమని పార్టీలకు ఏ చట్టమూ చెప్పదు. గెలిచినవాడు నచ్చకపోతే మధ్యలో దించే వీలు ఓటరుకు లేదు. సంతకం పెట్టే చెయ్యి పైనున్నప్పుడు కింద ఉన్నవాళ్లకి జవాబు చెప్పేదెవరు?

చివరికి బీ ఫారం నిన్న రాత్రి కండువా మార్చినవాడికి పోతుంది. మనవాడు రెబల్‌గా నామినేషన్ వేసి, "2004లో ఇదే పేటలో మర్రి రాజశేఖర్ స్వతంత్రుడిగా గెలవలా?" అని తొడగొడతాడు. ఉపసంహరణ నాటికి నామినేటెడ్ పదవి మాటిచ్చి బుజ్జగిస్తారు. 'కార్యకర్తల కోరిక మేరకు' తప్పుకుంటాడు.

"ఉంటే గెలిచేవాడివేమో కదన్నా?" అన్నాడు టీ కొట్టు కుర్రాడు.

"స్వతంత్రమంటే జనంలో తిరగాలిరా. పార్టీ ఆఫీసుకే టైము చాలట్లేదు!"