బావ కారు

అద్దెకు వచ్చిన గుర్రం అగడ్త దాటునా అని పాతకాలపు సామెత. ఆ సామెత చెప్పినాయన మైదుకూరు చూసినట్టు లేదు. మా వూరి బాడుగ కారు ఆదివారం పొద్దున్నే బయలుదేరి, ప్రొద్దుటూరులో టిఫిన్ తిని, జమ్మలమడుగు దాటి, గండికోట లోయ అంచు దాకా పోయి, కింద పెన్నను తొంగి చూసి మరీ తిరిగొస్తుంది.

మొన్న మా మేనల్లుడు అట్లాంటి కారే ఒకటి తెచ్చి, ముగ్గురు స్నేహితులతో పాటు నన్నూ ఎక్కించుకున్నాడు. "సెల్ఫ్ మామా, డ్రైవర్ బత్తా మిగిలింది" అన్నాడు. ఓనరెవరో నాకు తెలీదు, వానికీ సరిగ్గా తెలీదు. ఆధార్ కార్డు, బైకు పెట్టుకుని కారు తాళం ఇచ్చినాడంట. లైసెన్సు చూసినాడా అనడిగితే "ఆధార్‌లో ఫోటో ఉంది కదా మామా" అన్నాడు. కారు యాడుందో నిమిషనిమిషానికీ ఓనరుకు చెప్పే జీపీఎస్ మాత్రం బిగించినారు. నడిపేదెవరో చెప్పే యంత్రం ఇంకా మా వూరికి రాలేదు. తాళం చేతిలో పెడుతూ ఓనరు చేసిన ఉపదేశం ఒకటే: "ఎవరైనా ఆపితే మా బావ కారు అని చెప్పప్పా."

ఈ బావ ఎందుకొచ్చినాడంటే, నెంబరు ప్లేటు తెల్లది. అది సొంత వాడకానికి. డ్రైవరు లేకుండా బాడుగకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. ఆ వ్యాపారానికి 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ స్కీము ఉంది. లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు ఉండాలంటుంది అది. మా నాలుగు రోడ్ల కూడలిలో 50 కార్లు నిలబెడితే బద్వేలు బస్సు ప్రొద్దుటూరుకు ఎట్లా పోతుంది? అందుకే మావాళ్లు యాభై కార్లకు బదులు ఒక బావను పెట్టుకున్నారు. గిట్టుబాటు.

చట్టానికి మాత్రం వరసలు తెలీవు. పర్మిట్ లేకుండా బాడుగకు తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షను కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. లైసెన్సు లేనివాని చేతికి స్టీరింగిస్తే ఇంకో 5,000. ఇది ఓనరుకే కాదు, ఆ పూట బండి ఎవరి అధీనంలో ఉంటే వానికీ వర్తిస్తుంది. అంటే మేనల్లునికి. ఇన్సూరెన్సు కాగితంలో 'బాడుగకు తిప్పరాదు' అనే ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. దాన్ని శ్రద్ధగా చదివేది కంపెనీ వాడొక్కడే, అదీ బండి గుద్దుకున్నాక. నష్టపరిహారం దగ్గరికొస్తే ఆర్సీలో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది. బావ ఇంకెక్కడికి పోతాడు?

మా తాతల కాలంలో ఎద్దులను బాడుగకు తెచ్చుకుంటే, సాయంత్రానికి మేతేసి, కడుపునిండా నీళ్లు పెట్టి తోలుకుపోయి అప్పజెప్పేవాళ్లు. ఎద్దు డొక్క చూస్తే తెలిసిపోయేది, కడుపు మాడ్చినారా లేదా అని. కారు డొక్క పెట్రోలు ముల్లు. అది ఎర్రగీత మీద వాలేదాకా తోలి అప్పజెప్పడం ఇప్పటి మర్యాద. ఏసీ పదహారులో పెట్టి "మనదేం పోయింది" అనేదీ ఆ నోరే, పోలీసు కనపడితే "మా బావది" అనేదీ ఆ నోరే.

గండికోటలో రీలు కోసం నలుగురూ వంతులేసుకుని నడిపినారు. వెనక్కి తీస్తాంటే బంపరు పోయి ఒక గోడకు తగిలింది. "నడిపిందెవరురా?" అన్నా. నలుగురూ వెనక సీట్లోనే నిద్రపోతాన్నారంట. అంతసేపూ కారు తనంతట తనే రివర్సు గేరులో పోయిందన్నమాట. ఆ మాటకొస్తే నేనూ కండ్లు మూసుకునే ఉన్నా. మేనల్లుడంటే కొడుకు లెక్క కదా. అది గోడ కాబట్టి సరిపోయింది. మనిషైతే ఆసుపత్రికి చేర్చాల్సింది, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాల్సింది డ్రైవరే. మా బండిలో ఆ పోస్టు ఖాళీ.

మావాళ్లు ఇంకా నయం. బాడుగకు తెచ్చిన కారును కుదువ పెట్టి డబ్బులు మింగిన ఘనులను రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ పట్టుకున్నారు. అప్పుడు జీపీఎస్ పీకేస్తారు కాబట్టి కారు యాడుందో బావకు కూడా తెలీదు.

తిరుగు ప్రయాణంలో చాపాడు దగ్గర కానిస్టేబుల్ చెయ్యెత్తినాడు. మేనల్లుడు అద్దం దించి, అడక్కముందే "మా బావ కారు సార్" అన్నాడు.

ఆయన నెంబరు చూసి, ఫోన్లో ఏదో నొక్కి, నింపాదిగా అన్నాడు: "పోయిన ఆదివారం ఇంకో పిల్లోడు ఇదే కారును మా మామది అన్నాడు. వానికి మామ, నీకు బావ అంటే, వాడు నీకు కొడుకు వరసైతాడు. వాని చలానాలు రెండు పెండింగున్నాయి, కట్టిపో నాయనా."

మేనల్లుడు నా దిక్కు చూసినాడు. నేను మళ్లీ కండ్లు మూసుకున్నా.