కటాన్ డబ్బా శాసనం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది పలకననీ ముందే కట్టుబాటు చేసుకుని కలం పట్టినవాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. పైగా ఇతని చేతికి చిక్కింది రఘువంశం కూడా కాదు, ఒక బోర్డ్‌గేమ్ అట్టపెట్టె.

ఆ పెట్టె పేరు కటాన్. 1995లో జర్మనీలో కోస్మోస్ సంస్థ ప్రచురించింది. కర్త క్లౌస్ టోయ్‌బర్, వృత్తిరీత్యా కట్టుడు పళ్లు తయారుచేసే డెంటల్ టెక్నీషియన్. ఆ ఏడాదే దానికి ‘స్పీల్ దెస్ యారెస్’ వచ్చింది. 1979 నుంచి జర్మనీలో ఏటా ఒక ఆటకు దక్కే గౌరవం అది. మోనోపలీనో, మన ఇళ్లలో దాని చుట్టంగా చెల్లిన బిజినెస్ ఆటనో దాటుకుని ఈ సరదాలోకి కొత్తగా దిగేవాళ్లు చాలామంది మొదట విప్పే పెట్టె ఇదే. దాని అంచున, కవిత్వం ఉంటుందని ఎవరూ అనుమానించని చోట, మూడు పాదాల శాసనం ఒకటుంది. ముద్రణను బట్టి మూడో పాదం కాస్త మారుతుంది. ఇక్కడ స్వీకరించింది 75 నిమిషాల పాఠం.

మూలం

3–4 | 10+ | 75

ప్రతిపదార్థం

3–4 = మువ్వురు గాని నలుగురు గాని; 10+ = పది వత్సరములు నిండినవారై; 75 = డెబ్బదియైదు నిమిషముల కాలము; (ఆడుదురు గాక అని క్రియను తెచ్చుకొనవలెను.)

తాత్పర్యం

పదేళ్లు దాటిన ముగ్గురో నలుగురో కూర్చుంటే గంటా పావులో ఆట తెమిలిపోతుంది. ఇంత సులువైన తాత్పర్యాన్ని నమ్ముకునే ఎన్నో ఆదివారాలు పాడవుతున్నాయి కాబట్టి వ్యాఖ్య అవసరమైంది.

ప్రథమపాద వ్యాఖ్య

‘3–4’లో ఎడమనున్న అంకె ఖచ్చితమైన హద్దు. కటాన్ అంటే సగం బేరాలే: నా దగ్గర ఉన్ని ఉంది, నీ దగ్గర ఇటుకలున్నాయి, ఏమంటావు? బేరం పొసగాలంటే కాదని పక్కవాడి దగ్గరికి పోయే వీలుండాలి. ఇద్దరే అయితే పక్కవాడు లేడు. కొత్త దంపతులకు కటాన్ కానుకగా ఇచ్చేవాళ్లు ఈ పాదం చదవనివాళ్లు.

కొన్ని పెట్టెల మీద ఇదే పాదం మరీ ఉదారంగా ఉంటుంది. వ్లాదా ఖ్వాటిల్ 2015లో చేసిన కోడ్‌నేమ్స్ ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా, ఆపైన కూడా అంటుంది. నిజానికి అది రెండు జట్ల ఆట. జట్టులో ఒకరు ఒక్క మాటతో ఆధారం ఇవ్వాలి, మిగతావాళ్లు బల్ల మీదున్న 25 మాటల్లో తమవి ఏవో పట్టుకోవాలి. నలుగురు లేనిదే దానికి కళ రాదు. ఆ సంగతి ప్రచురణకర్తలకూ తెలుసు కాబట్టే 2017లో ఇద్దరి కోసం డ్యుయెట్ అని వేరే పెట్టె తెచ్చారు. ఆలన్ మూన్ 2004లో ఇచ్చిన టికెట్ టు రైడ్ ఈ విషయంలో నిజాయితీపరురాలు. రైలు మార్గాలు వేసే ఆట అది. ఆడేది ఇద్దరు ముగ్గురే అయితే, జంట మార్గం ఉన్న చోట ఒక్కటే వాడాలని నియమం పెట్టి ఇరుకు తగ్గకుండా చూసుకుంది.

కాబట్టి కొత్తవాళ్లు లెక్కపెట్టాల్సింది డబ్బా మీది అంకెను కాదు, మామూలు ఆదివారం నాడు ఇంట్లో నిజంగా కూర్చునేవాళ్లను. ఇద్దరే అయితే కార్కసోన్ (క్లౌస్-యుర్గెన్ వ్రేడె, 2000), ఆజుల్ (మిఖాయెల్ కీస్లింగ్, 2017) లాంటివి హాయిగా నడుస్తాయి. సంక్రాంతికి పదిమంది చేరితే కోడ్‌నేమ్స్. అందులో మాటలన్నీ ఇంగ్లిష్ కదా, అమ్మమ్మ సంగతేమిటంటారా? పాతిక చీటీల మీద తెలుగు మాటలు రాసుకుంటే చాలు, ఏది ఎవరిదో చెప్పే కార్డు భాషతో పనిలేకుండా అలాగే పనికొస్తుంది. పట్టు, చుక్క, పాలు, వేరు: రెండర్థాల మాటలకు మనకేం కొదవ? అప్పుడు అమ్మమ్మ ఉన్న జట్టే గెలుస్తుంది, అది వేరే సమస్య.

ద్వితీయపాద వ్యాఖ్య

పదేళ్లు. ఇక్కడ శాసనం దాదాపు నిజమే చెబుతోంది. బేరమాడే తెలివి, తన వంతు కోసం ఆగే ఓర్పు అప్పటికి వస్తాయి. పాఠకుణ్ని తికమకపెట్టేది ఇతర పెట్టెల మీద కనిపించే ‘14+’. ఆట చాలా కష్టమేమో అనుకుని తల్లిదండ్రులు దాన్ని తిరిగి షెల్ఫులో పెట్టేస్తారు. అసలు కారణం చాలాసార్లు అమెరికా చట్టం. 2008లో వచ్చిన వినియోగ వస్తువుల భద్రతా చట్టం ప్రకారం 12 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్ల కోసం ఉద్దేశించిన సరుకును బయటి ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఆ ఖర్చు భరించలేని చిన్న ప్రచురణసంస్థ ‘14+’ అని అచ్చేసుకుని ఊపిరి పీల్చుకుంటుంది. అంటే ఆ అంకె ఒక్కోసారి బుద్ధికి కొలత కాదు, బడ్జెట్‌కు కొలత. తొమ్మిదేళ్ల పిల్ల శుభ్రంగా ఆడగలిగే ఆటలు ఆ ముద్ర వెనక దాగున్నాయి.

శంక: ‘+’ అన్నారు సరే, పైహద్దు ఎక్కడ? తాతగారు ఆడగలరా?

సమాధానం: అరుగు మీద అష్టాచెమ్మా ఆడినవారిని ఈ ప్రశ్న అడగకూడదు. నాలుగు గవ్వలు వేసి, ఏ కాయను కదపాలో, ఎవరి కాయను చంపితే లోపలి గడుల్లోకి దారి తెరుచుకుంటుందో లెక్కగట్టిన బుర్రకు కటాన్ ఒక లెక్కా? పులి–మేక ఇంకా గట్టి సాక్ష్యం. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాలకూ బలం వేరు, నడక వేరు, గెలుపు వేరు. 2018లో కోల్ వెర్లీ చేసిన రూట్ అనే ఆటను పక్షానికో తీరు అని మెచ్చుకుంటారు. ఆ మాట పెద్దాయన ముందు కొత్త వింతలా చెబితే ఆయన నవ్వుకుంటారు. పెద్దవాళ్లకు అడ్డొచ్చేది బుర్ర కాదు, అక్షరాల సైజు. కార్డు మీద నాలుగు లైన్ల సన్నటి అచ్చు ఉన్న ఆటల జోలికి మొదట్లో పోకూడదు. రంగుల మీదే నడిచే ఆటలు రంగుల తేడా తెలియని చూపుకూ ఇబ్బందే. టికెట్ టు రైడ్ కార్డుల్లో ప్రతి రంగుకూ ఒక గుర్తు కూడా వేసింది అందుకే.

తృతీయపాద వ్యాఖ్య

75 నిమిషాలు. అతిశయోక్తి అలంకారం ఇక్కడే ఉంది, కాకపోతే కిందికి సాగిన అతిశయోక్తి. ఆ లెక్కలో అట్టల్లోంచి ముక్కలు ఊడదీయడం లేదు, 19 షడ్భుజి పలకలు పరచడం లేదు, ఉన్ని కార్డులేవో ధాన్యం కార్డులేవో వేరుచేయడం లేదు, టీ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, రూల్స్ చెప్పడం లేదు. మొదటి ఆటకు ఆ అంకెను రెట్టింపు చేసుకోవాలి.

ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఆగుతాడు, ఎందుకంటే కొత్తవాళ్ల సాయంత్రాలు చచ్చిపోయే స్థలం ఇదే. నలుగురినీ కూర్చోబెట్టి, సీలు చింపి, రూల్‌బుక్ తీసి, మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెడతారు. మూడో పేజీకి ఒకరు ఫోన్ తీస్తారు. ఐదో పేజీకి వంటింట్లో ఎవరికో పని గుర్తొస్తుంది. రూల్‌బుక్ అనేది అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి రాసింది, పారాయణానికి పనికిరాదు.

పద్ధతి ఇది. ఆతిథ్యం ఇచ్చేవాళ్లు ముందురోజు రాత్రే పెట్టె విప్పి, ముక్కలు పరిచి, నలుగురి తరఫునా తామే రెండు వంతులు ఆడి చూసుకోవాలి. మర్నాడు చెప్పేటప్పుడు గెలుపుతో మొదలుపెట్టాలి: పది పాయింట్లు ముందు తెచ్చుకున్నవారిది ఆట, ఊరికి ఒకటి, పట్నానికి రెండు. తర్వాత ఒక వంతులో ఏం చేస్తారో: పాచికలు వేస్తాం, బేరమాడతాం, కడతాం. తర్వాత ఏడు పడితే ఏమవుతుందో. అంతే. మిగతావి వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు. పలకలు కలిపి పరచడం కూడా మొదటిసారి వద్దు. కొత్తవాళ్ల కోసం సిద్ధం చేసిన అమరిక రూల్‌బుక్‌లోనే బొమ్మగా ఉంటుంది, దాన్నే దించుకోవాలి. మొదటి ఊరు ఎక్కడ కట్టాలో తెలియక ఓడిపోయేవాళ్లు ఆటంతా చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఆ శిక్ష ఈ అమరికతో తప్పుతుంది.

పాచికల మాట వచ్చింది కాబట్టి మరొకటి. రెండు పాచికలకు 36 విధాల పాట్లు. అందులో ఏడు ఆరు రకాలుగా పడుతుంది, ఆరూ ఎనిమిదీ చెరి ఐదు రకాలుగా, రెండూ పన్నెండూ చెరొక్క రకంగా. అందుకే కటాన్ బిళ్లల మీద 6, 8 ఎర్రగా అచ్చేసి, ప్రతి అంకె కిందా ఎన్ని దారులున్నాయో అన్ని చుక్కలు పెట్టారు. అరణ్యపర్వంలో ఋతుపర్ణుడు రథంలో వెళ్తూనే తాండ్రచెట్టుకు ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు అని లెక్క చెప్పేశాడు. నలుడు తన అశ్వహృదయం ఇచ్చి ఆయన దగ్గర అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నేర్చుకున్నాడు. ఇప్పుడు దాన్ని బిళ్ల మీదే చుక్కలుగా అచ్చేసి ఇస్తున్నారు, అయినా కొత్త ఆటగాడు పన్నెండు మీద ఊరు కట్టి పాచికలను తిడతాడు.

పాఠాంతర విచారం

అష్టాచెమ్మాకు ఊరూరా ఒక పాఠం. రూల్‌బుక్ లేని ఆట కాబట్టి అది న్యాయమే. అచ్చైన ఆటకు ఆ స్వేచ్ఛ వెంటనే తీసుకుంటే ఏమవుతుందో మోనోపలీ చూపిస్తుంది. దాని మూలం లిజీ మేగీ అనే ఆవిడ 1904లో పేటెంట్ పొందిన ల్యాండ్‌లార్డ్స్ గేమ్. పార్కర్ బ్రదర్స్ మోనోపలీగా అమ్మడం 1935లో. ఒకరు ఆగిన స్థలాన్ని కొనకపోతే వెంటనే దాన్ని వేలం వేయాలని రూల్‌బుక్‌లో ఉంది. చాలా ఇళ్లలో వేలం లేదు. ఫ్రీ పార్కింగ్ గడిలో అసలు ఏమీ జరగకూడదు; ఇళ్లలో జరిమానా డబ్బంతా అక్కడ పోగుచేసి, ఆగినవాడి చేతిలో పోస్తారు. స్థలాలు ఆలస్యంగా చేతులు మారి, డబ్బు ఎవరి దగ్గరా అయిపోక, ఆట అర్ధరాత్రి దాకా సాగుతుంది. తర్వాత మోనోపలీ విసుగని తీర్పు చెబుతారు. ఒక్కసారైనా రాసినట్టు ఆడి చూసి, ఆపైన ఇంటి రూల్స్ పెట్టుకుంటే ఎవరూ కాదనరు.

ప్రక్షిప్తాలు

కటాన్‌కు ఐదారుగురు ఆడే అదనపు పెట్టె వేరుగా అమ్ముతారు. ఓడలు కావాలంటే ఇంకొకటి. ఇవన్నీ మూలంలో లేనివి. మూలం పదిసార్లు ఆడినవాళ్లకే అవసరం. తొందరపడకూడని పెట్టె మరొకటి, గ్లూమ్‌హేవెన్, 2017లో వచ్చింది: దాదాపు 10 కిలోల పెట్టె, 95 ఘట్టాలు. మొదటి నెల ఉత్సాహంలో అలాంటిది తెప్పించుకునేవాళ్లు ఉన్నారు. ఆ బరువుతో అటక దృఢంగా ఉందో లేదో తెలుస్తుంది.

కొనకుండా చూసే దారులున్నాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో బోర్డ్‌గేమ్ కెఫేలున్నాయి. గంటకింత అని కట్టి నాలుగు ఆటలు రుచి చూడొచ్చు, రూల్స్ చెప్పే మనిషి కూడా అక్కడే ఉంటాడు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు కొన్ని పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాలతోపాటు ఆటలూ అరువిస్తాయి. ఆన్‌లైన్‌లో ధర నమ్మలేనంత తక్కువ ఉంటే నకిలీ కాపీ అని అనుమానించాలి. పేరున్న ఆటలకు ఆ బెడద ఎక్కువ. కార్డులకు తొడుగులు కొనేముందు కొలత చూసుకోవాలి: చాలా ఆటల కార్డులు 63×88 మిల్లీమీటర్లు, కటాన్‌వి 54×80. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి కార్డులు వంకర తిరుగుతాయి కాబట్టి అక్కడ తొడుగుల ఖర్చు దండగ కాదు. పకోడీల పళ్లెం వేరే బల్ల మీద.

అధ్యాహారం

వాక్యంలో కవి వదిలేసిన మాటను అర్థం కోసం తెచ్చుకోవడం వ్యాఖ్యాతల హక్కు. ఎంతమంది, ఎంత వయసు, ఎంతసేపు అని చెప్పిన శాసనం ‘ఎవరితో’ అన్నది వదిలేసింది. అది తెచ్చుకోనిదే పై మూడు పాదాలకూ అన్వయం కుదరదు.

కటాన్‌లో ఏడు పడితే చేతిలో ఏడుకన్నా ఎక్కువ కార్డులున్నవాళ్లు సగం పారేయాలి. పాచికలు వేసినవారు బందిపోటును తీసి ఎవరి పొలంలోనైనా పెట్టి, ఒక కార్డు లాక్కోవచ్చు. కొన్ని ఇళ్లలో ఇది నవ్వులాట. కొన్ని ఇళ్లలో బావమరిది వచ్చి బావగారి ధాన్యం మీద బందిపోటును పెడితే, భోజనాల దాకా మాటలుండవు. అలాంటి ఇంటికి టికెట్ టు రైడ్ మేలు. అక్కడా దారి మూసేయొచ్చు గానీ, తన పని తాను చేసుకున్నాడని నమ్మబలకడానికి వీలుంటుంది. లెక్కలంటే ఇష్టపడి మాటలంటే బెరుకుపడేవాళ్లకు స్ప్లెండర్ అనే ఆట ఉంది.

బావగారు మరీ అలిగితే తర్వాతి ఆదివారం మాట్ లీకాక్ 2008లో చేసిన పాండమిక్ తీయాలి. అందరూ ఒకే జట్టు, శత్రువు రోగాలే. పక్కవాళ్ల వంతు కూడా తానే ఆడేసే పెద్దమనిషిని మాత్రం కాస్త అదుపులో పెట్టాలి. గెలవడానికి దారి ఒక్కటే, నాలుగు రోగాలకూ మందు కనుక్కోవడం. ఓడడానికి మూడు దారులున్నాయి, మొదటిసారి ఆడేవాళ్లకు వాటిలో ఏదో ఒకటి తప్పకుండా దొరుకుతుంది. అయితే ఓడితే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకేసారి ఓడతారు కాబట్టి, బావగారు అలగాలన్నా ఎవరి మీదో తేల్చుకోవడం కష్టం.