యజమానికి ఓటీపీ, దొంగకు రబ్బరు వేలు

అమృతలూరు మండలంలో జనం వివరాలు అన్నింటికన్నా పదిలంగా ఉన్న చోటు ఏదని అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను: జిరాక్స్ షాపు. షాపు కంప్యూటర్లో వాల్‌పేపర్ ఏ దేవుడిదో ఎవరికీ తెలీదు, దానిమీద అన్ని ఫైళ్లుంటాయి. 'ఆధార్ ఫైనల్', 'ఆధార్ ఫైనల్ కొత్తది', 'న్యూ ఫోల్డర్ 7', దానిలోపల మళ్లీ 'న్యూ ఫోల్డర్'. మినుము ఈ-పంటలో ఎక్కించాలన్నా, ధాన్యం డబ్బులు పడాలన్నా, పింఛనుకి అర్జీ పెట్టాలన్నా దారి ఇదే.

"బాబాయ్, నా వాట్సాప్‌కి కొట్టు, ప్రింటు తీసిస్తా" అంటాడు కుర్రాడు. బాబాయ్ కొడతాడు. ఆధార్ రెండు వైపులా, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ. కాగితాలు బాబాయ్ జేబులోకి, ఫైళ్లు కుర్రాడి ఫోన్లోకి వెళతాయి. కుర్రాడు దొంగేం కాదు, చెరిపేసే తీరిక లేదంతే. పైగా చెరిపేస్తే తిట్లు తినాలి. వచ్చే నెల బాబాయే వచ్చి "మొన్న ఇచ్చా కదరా, అందులోంచి తియ్" అంటాడు. కుర్రాడు ఒక్క నిమిషంలో తీస్తాడు కూడా.

ఈ సౌకర్యం దక్షిణ కొరియా ప్రభుత్వానికి లేకపోయింది. 2025 సెప్టెంబర్ 26న డేజాన్ నగరంలోని వాళ్ల ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ మొత్తం పోయింది. 858 టెరాబైట్లు. బయట ఇంకో కాపీ ఎందుకు లేదయ్యా అంటే, మరీ పెద్దది కాబట్టి కాపీ తీయలేదన్నారు. సెల్‌ఫోన్లు చేసి ప్రపంచానికి అమ్మే దేశం ఇచ్చిన సంజాయిషీ ఇది. మన ఆఫీసుల్లో గుమస్తాలు ఇంతకన్నా మంచివి చెబుతారు.

మన దగ్గర బ్యాటరీల దాకా అక్కర్లేదు. 2024 జులై 21, ఆదివారం రాత్రి, మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. అది ప్రమాదమేనని నమ్మడానికి పోలీసులు కూడా ఇష్టపడలేదు. కేసు సీఐడీ దాకా వెళ్లింది. ఒకే గదిలో ఒకే కాపీ ఉంచితే ఏ హ్యాకరూ రానక్కర్లేదు.

కంప్యూటర్ వాళ్లు చెప్పే పాత సూత్రం ఒకటుంది. ఏ ఫైలుకైనా మూడు కాపీలుండాలి, అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. మన ఆఫీసులు దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. మూడు పెన్‌డ్రైవులుంటాయి. రెండు పనిచేయవు. ఒకటి ఏ ఊళ్లో ఉందో ఎవరికీ తెలీదు.

ఇక ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి వివరాలు చేరవేయడం. దానికి ప్రభుత్వ మెయిల్ ఉంది, ఈ-ఆఫీస్ ఉంది. నడిచేది మాత్రం వాట్సాప్ గ్రూపు. లబ్ధిదారుల జాబితా ఎక్సెల్‌లో ఆధార్లతో, ఫోన్ నంబర్లతో సహా 'వెరీ అర్జెంట్' అని వచ్చి పడుతుంది. బదిలీ అయి ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లు, రిటైరైనవాళ్లు కూడా అందులోనే ఉంటారు. తీసేస్తే బాగోదు కదా! సంక్రాంతికి శుభాకాంక్షలు పెట్టేది వాళ్లే.

పూర్వం భూముల రికార్డు కరణంగారింట్లో ఉండేది. అడంగల్ చూడాలంటే ఆయన అరుగెక్కాలి, ఆయన కాఫీ తాగి ఉండాలి, మన తాతకీ ఆయన తాతకీ పడి ఉండాలి. ఇప్పుడు పెద్ద కంపెనీలు లక్షలు పోసి కొనే యాక్సెస్ కంట్రోల్ ఆయన భుజం మీద కండువాలో ఉండేది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. తర్వాత్తర్వాత రికార్డు వెబ్‌ల్యాండ్‌లోకి ఎక్కి, 2015లో మీభూమి వెబ్‌సైట్‌గా జనం ముందుకొచ్చింది. మంచి పనే. కరణంగారు మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. పొలం ఎవరిదో నలుగురికీ తెలియాల్సిందే. తెలియకూడనిది ఆ పొలంగలాయన బొటనవేలు.

దాన్ని కూడా చూపించారు. రిజిస్ట్రేషన్ దస్తావేజు మీద వేలిముద్ర వేస్తాం కదా, దాన్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులమ్మే కుర్రాడొకడు తెలంగాణ రిజిస్ట్రేషన్ల సైట్లోంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో రబ్బరు వేళ్లు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. సిమ్‌ల టార్గెట్ పూర్తి చేయడానికట, పాపం! అక్కడితో ఆగితే మనకి చిన్నతనం. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మన ఆంధ్రా రిజిస్ట్రేషన్ల సైట్లోంచి ముద్రలు తీసి జనం ఖాతాల్లో డబ్బే లాగేసింది. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో కావాల్సినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు. ఓటీపీ అడగదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోమంటారు. వేలు పోతే పక్క వేలు వాడుకోవాలి కాబోలు. పదీ అయిపోతే కాళ్లవి ఎలాగూ ఉన్నాయి.

అసలు వేలుగలవాళ్ల సంగతి చూడాలంటే ఊరి సచివాలయంలో ఈకేవైసీ జరిగే చోట కాసేపు నిలబడండి. నాట్లేసి, కలుపు తీసి, మినుము పీకిన చేతులవి. గీతలు అరిగిపోయి ఉంటాయి. నాయనమ్మ వేలు పెడుతుంది, మిషన్ ఒప్పుకోదు. చీర కొంగుతో తుడిచి పెడుతుంది, ఒప్పుకోదు. "ఇంకొంచెం గట్టిగా నొక్కు మామ్మా" అంటాడు అబ్బాయి. "నా వేలు నాది కాదంటదేందిరా ఇది!" అని ఆవిడ విసుక్కుంటుంది. చివరికి ఓటీపీతో చేద్దామంటే అది పోయే ఫోను మనవడి దగ్గరుంది, మనవడు హైదరాబాదులో ఉన్నాడు. రబ్బరు వేలికి ఈ బాధలేవీ లేవు. అది నాట్లెయ్యదు.

దాచడం రాని చోట దొంగకి విద్యలు అక్కర్లేదు. 2017 మేలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లు పరిశీలించి, 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయట పడి ఉండొచ్చని లెక్కకట్టింది. నాలుగింట్లో రెండు మనవే: చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులు. ఏడాది తిరక్కుండానే, 2018 ఏప్రిల్లో, మన గృహనిర్మాణ సంస్థ సైట్లో 1.34 లక్షల మంది ఆధార్లు, బ్యాంకు ఖాతాలు, కులమతాలతో సహా కనిపించాయి. తాళం పగలగొట్టినవాడెవడూ లేడు. తాళమే వేయలేదు.

తాళం ఉన్నచోట తాళంచెవి తిప్పే ఓపిక ఉండదు. వానాక్రై అనే వైరస్ 2017 మే నెలలో ప్రపంచమంతా తిరుగుతూ మన రాష్ట్రంలో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లను పట్టుకుంది. గుంటూరు జిల్లా అందులో ఉంది, అప్పటికి అమృతలూరు ఆ జిల్లాలోదే. 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితే ఫైళ్లు వదులుతానంది. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లు దాన్ని వేసుకోలేదు. 'తర్వాత గుర్తుచేయి' అనే బొత్తాం ఉంది కదా, అది ఆఫీసుల్లో అన్నింటికన్నా ఎక్కువ అరిగిన బొత్తాం.

మన పక్కూరు తెనాలి పేరు పెట్టుకున్న రామకృష్ణుడు నయం. దొంగలు పొంచి ఉన్నారని తెలిసి రాళ్లపెట్టె నూతిలో వేయించి, తెల్లవార్లూ వాళ్లచేత నీళ్లు తోడించి తోట తడుపుకున్నాడంటారు. ఈ ఎరపెట్టె ఎత్తునే ఇప్పుడు సైబర్ భద్రత కంపెనీలు హనీపాట్ అని అమ్ముతున్నాయి. మనం నగలపెట్టే నూతి గట్టు మీద పెట్టి, తోట తడిసిందా అని చూసుకుంటున్నాం.

జాగ్రత్త చెప్పినవాళ్లు లేకపోలేదు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వకండి, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని ప్రకటించింది. రెండే రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. జనం అపార్థం చేసుకుంటారట! జనం సరిగ్గా అర్థం చేసుకుంటారనే భయపడి ఉంటారని నా అనుమానం.

చట్టం కూడా వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో అయింది, నియమాలు 2025 నవంబర్లో వచ్చాయి. డేటాకి కాపలా కాయని సంస్థకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి మాత్రం 18 నెలల గడువిచ్చారు. దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి కేంద్రం తనకి తోచిన ప్రభుత్వ సంస్థను మినహాయించుకునే వీలు కూడా పెట్టారు. ఇంత కాలం ఎక్కువగా ఒలకబోసింది ఎవరో పైన చదివారు.

కాబట్టి చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చేదాకా మీ వేలు మీరే దాచుకోండి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్లో, యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది, డబ్బులేం అడగదు. రేషనుకో పింఛనుకో అవసరమైనప్పుడు కాసేపు తీసి, మళ్లీ వేసేయండి. దానికీ ఓటీపీ వస్తుంది, మనవడి ఫోనుకే. ఈసారి పండక్కి వచ్చినప్పుడు ముందు ఆ పని చేయించండి. ఈలోగా ఖాతాలో డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వెంటనే.