తోలు మందం ఎన్ని మైక్రాన్లు?

తోపుడుబండి మీద వంకాయలమ్ముకునే అవ్వ దగ్గర పలచటి కవర్లు దొరికాయి. ఇంకేముంది, పుడమి తల్లికి ముప్పొచ్చిపడింది! మున్సిపాలిటీ దండు దిగింది. కవర్లు గుంజుకుంది. చలానా రాసింది. ఫొటో దిగింది. ఆ ఫొటోలో వెనకాల స్తంభానికి వేలాడుతున్నదేంటో చూశారా? వార్డు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఇరవై అడుగులది. అదీ ప్లాస్టిక్కే. దానికి చలానా? తమరు మరీ అమాయకులండీ!

చట్టం లెక్కే వేరు. కవరు 120 మైక్రాన్లకు తక్కువైతే నేరం. పీవీసీ బ్యానరు 100కు తక్కువైతే నేరం. అంతకంటే మందంగా ఉంటే? దర్జాగా వాడుకోవచ్చు. అంటే ప్లాస్టిక్ ఇంకాస్త దట్టిస్తే పాపం పరిహారమైపోతుందన్నమాట! మందంగా ఉన్నవాళ్ళకే మర్యాదలెక్కువని మనకు కొత్తగా చెప్పాలా?

2022 జులై 1న ఒకసారి వాడి పారేసే 19 రకాల వస్తువుల్ని దేశమంతటా నిషేధించారు. స్ట్రా పోయింది. కూల్‌డ్రింక్ సీసా ఉంది. చెంచా పోయింది. చిప్స్ ప్యాకెట్టు ఉంది. బెలూను పుల్ల పోయింది. షాంపూ సాషే ఉంది. పుల్లలు చేసుకునే చిన్నవాడు దొరికాడు. ప్యాకెట్ల పెద్దమనిషి దొరకలేదు.

దొరక్కేం? 2016లో దొరికాడు. రీసైకిల్ కాని పొరల ప్యాకింగును రెండేళ్ళలో ఎత్తేయాలని నిబంధనల్లో గట్టిగానే రాశారు. గడువు ముంచుకొచ్చింది. 2018లో ఏం చేశారు? ప్యాకెట్టును మార్చలేదు. వాక్యాన్ని మార్చారు. రీసైకిల్ కాకపోయినా ఫర్వాలేదు, తగలబెడితే వేడి పుట్టినా చాలన్నారు. ప్లాస్టిక్ పుట్టిందే చమురులోంచి. మండక చస్తుందా? సిమెంటు బట్టీలో పడేస్తే సరి, చట్టం కూడా చల్లగా ఉంటుంది!

తర్వాత తయారీదారుదే బాధ్యత అన్నారు. ఎలాగట? రీసైకిల్ చేసేవాళ్ళ దగ్గర సర్టిఫికెట్లు కొంటే చాలట. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీకి వెళ్తే దాదాపు 6 లక్షల దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. చెత్త కదల్లేదు. కాగితాలు మాత్రం పరుగులెత్తాయి.

అసలు లెక్క చెత్త ఏరుకునేవాళ్ళనడగండి. నీళ్ళ సీసాకు పాత సామాన్ల కొట్లో కిలోకింతని ధర ఉంది. ఏరతారు. చిప్స్ ప్యాకెట్టుకు కానీ రాదు. వదిలేస్తారు. పోనీ ఆ సీసా ధరైనా నిలకడగా ఉంటుందా? క్రూడాయిల్ పడిపోతే కొత్త ప్లాస్టిక్ కారుచవక. అప్పుడు పాతదాన్ని ఏరి, కడిగి, కరిగించినదాన్ని కొనేదెవడు? 2020లో చమురు ధర కుప్పకూలినప్పుడు జరిగిందదే. 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిలైంది 9 శాతమే. సీసాల అడుగున మాత్రం మూడు బాణాల బొమ్మ తిరుగుతూనే ఉంది. మన చెవిలో పువ్వులా!

మరి తయారీనే తగ్గిస్తే? ప్లాస్టిక్ మీద ఒప్పందం కోసం 2024లో బుసాన్‌లో, 2025లో జెనీవాలో దేశాలన్నీ కూర్చున్నాయి. చమురు దేశాలు ససేమిరా అన్నాయి. ఉత్పత్తికి పరిమితి వద్దని మన దేశమూ వంత పాడింది. అభివృద్ధి హక్కట! ఆ హక్కు వంకాయల అవ్వకు లేదు కాబోలు.

ఇంటి సంగతికొద్దాం. 2022 ఆగస్టులో విశాఖ సాక్షిగా అప్పటి ముఖ్యమంత్రి ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లెక్సీలు బంద్ అన్నారు. నవంబరు 1 ముహూర్తమన్నారు. అది జనవరి 26కు వాయిదా పడింది. తర్వాత ప్రభుత్వమే మారింది. ఫ్లెక్సీ పోయిందా? లేదు. దాని మీద బొమ్మ మారింది, అంతే.

అయ్యా అధికారులూ, కవరు మందం కొలిచే పరికరం మీ దగ్గరుంది కదా. ఒక్క పూట ఇటివ్వండి. అవ్వ దగ్గర కొలవడానికి ఇంకేమీ మిగల్లేదు. మేం కొలవాల్సిన తోళ్ళు మాత్రం బోలెడున్నాయి.